దిగుడులో న్యూట్రల్

సోమవారం పొద్దున ఆరున్నరకు మదనపల్లెలో ట్రావెల్స్ షెడ్డు ముందర, వెంకటరమణప్ప కొత్త ఎలక్ట్రిక్ కారులో కూర్చుని బటన్ నొక్కాడు. చెవి కాస్త ముందుకు వంచి ఆగాడు. ఏమీ వినపడలేదు. మళ్లీ నొక్కాడు. తెరమీద వెలిగిన అంకెలన్నీ ఆరిపోయాయి. మూడోసారి నొక్కితే మళ్లీ వెలిగాయి. నాలుగు వారాలుగా ఎక్కిన ప్రతిసారీ ఇదే తంతు. మొదటి నొక్కుకే బండి సిద్ధమవుతుందని తలకాయకు తెలిసింది గానీ, ముప్పై ఏళ్లు డీజిల్ ఇంజన్ల మధ్య పెరిగిన చెవికి ఇంకా తెలియలేదు.

చెవి ఒక్కటే కాదు, ఎడమకాలు కూడా అంతే. క్లచ్ కోసం వెతుక్కుని, దొరక్క, మ్యాటు మీద ఊరికే పడి ఉండేది. ఇల్లు చేరాక కుడికాలి కంటే ఆ కాలే ఎక్కువ నొప్పి పుట్టేది. పని లేకపోయినా నొప్పులొస్తాయని భార్య సుమలతతో అంటే, "అట్లయితే నాలుగు బిందెల నీళ్లు తెచ్చిపెట్టు, పోతాది" అని ఆమె మందు చెప్పింది.

ఈ బండికి ఒకటే బాడుగ. ఒక పట్టుపురుగుల కంపెనీలో పనిచేసే కమలాక్షి మేడంను వారానికి మూడు రోజులు మదనపల్లె నుంచి కుప్పం తీసుకుపోవాలి. ఆమె మల్బరీ తోటలు చూసుకుని, రైతులతో మాట్లాడి వచ్చేదాకా నాలుగు గంటలు కాచుకుని, మళ్లీ తీసుకురావాలి. పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా రానూపోనూ రెండు వందల ఇరవై కిలోమీటర్లు. రాత్రంతా షెడ్డులో ఛార్జింగ్ పెడితే తెరమీద నూరు చూపిస్తుంది. ఆ నూరుతోనే పోయి రావాలి. దోవలో పెట్టుకుంటే గంటపైన ఆగాల్సివస్తుంది, మేడంకు అంత ఓపిక లేదు.

పుంగనూరు పొలిమేరలో మేకలమంద రోడ్డుకు అడ్డంగా పోతూ ఉంది. డీజిల్ బండి చప్పుడుకు ఫర్లాంగు దూరం నుంచే పక్కకు తప్పుకునే మేకలు, బంపరు తగిలేదాకా కదల్లేదు. మంద వెనకున్న ముసలామె ఉలిక్కిపడి తిరిగింది.

"ఏమప్పా, దెయ్యం మాదిరి సప్పుడు సెయ్యకుండా వస్తాండావు? ఒక కూతన్నా పెట్టగూడదా?"

"నాకే ఇనపడ్డంల్యా తల్లీ, నీకేం ఇనపడతాది" అన్నాడు వెంకటరమణప్ప. వెనక సీట్లో కమలాక్షి ఫోన్ నుంచి తలెత్తి నవ్వింది.

ఊరు దాటాక రోడ్డు ఎక్కుతూ దిగుతూ పోతుంది. పెద్ద కొండలు కావు, కానీ ఒక ఎక్కుడు, ఒక దిగుడు, దిగుడు చివర ఒక ఊరు, ఊరి ముందర స్పీడ్ బ్రేకరు. ఎక్కుడు తలకు చేరగానే వెంకటరమణప్ప ఎడమచేయి దానంతట అదే కిందికి పోయింది. గేరు రాడ్డు ఉండాల్సినచోట గుండ్రటి బిళ్ల ఉంది. రెండు వేళ్లతో పట్టి, మణికట్టు చిన్నగా తిప్పి, డి అక్షరం నుంచి ఎన్ అక్షరానికి మార్చాడు. న్యూట్రల్. బండి గాలిలో తేలినట్టు జారింది. కింద స్పీడ్ బ్రేకరు ముందర బ్రేకు నొక్కి, దాటాక మళ్లీ డి.

దిగుడులో న్యూట్రల్ వేసి బండిని వదలడం అతను మొగిలి ఘాట్‌లో లారీ క్లీనరుగా ఉన్నప్పుడు నేర్చుకున్న విద్య. అది ప్రమాదమని చెప్పినవాళ్లున్నారు, నిజానికి ప్రమాదమే. కానీ వెంకటరమణప్ప చేతిలో బండి ఒక్కసారి కూడా తప్పలేదు. రమణప్ప తోలితే దిగుళ్లలో బండి డీజిల్ తాగదని మదనపల్లె స్టాండులో పేరు. ట్రావెల్స్‌లో చేరిన ప్రతి డ్రైవరుకూ ఆ మణికట్టు తిప్పుడు నేర్పింది అతనే. ఇప్పుడు ఓనరైన ఉమాశంకర్‌కు, కాలేజీలో చదివే వయసులో, వాళ్ల నాన్న జీపు మీద నేర్పింది కూడా అతనే.

కుప్పం నుంచి తిరిగి వచ్చేటప్పుడు పలమనేరు దగ్గర తెరమీద ఇరవై తొమ్మిది ఉంది. పుంగనూరులో పద్దెనిమిది. అక్కడ ఏసీ ఆపేశాడు. కమలాక్షి కొంగుతో విసురుకుంటూ, అద్దాలు దించుకుని, "ఇల్లు చేరతామా అన్నా?" అని రెండుసార్లు అడిగింది. వెనక లారీలు హారన్ కొడుతున్నా నలభైకి మించకుండా తోలాడు. షెడ్డు ముందర ఆపేసరికి ఆరు చూపించింది.

ఉమాశంకర్ వచ్చి, కిటికీలోంచి తల దూర్చి ఆ అంకె చూశాడు.

*

బుధవారం గౌతమ్ వంతు. నెల కింద చేరినవాడు, స్కూటరు తప్ప పెద్దగా ఏమీ తోలకుండానే నేరుగా ఈ బండి ఎక్కాడు. దిగుళ్లంటే వాడికి భయమని అందరికీ తెలుసు. సాయంత్రం వాడు అదే దోవలో, అదే మేడంతో, ఏసీ వేసుకుని వచ్చి బండి ఆపితే ఇరవై నాలుగు మిగిలింది. అంతకు ముందు వారం ఇరవై మూడు.

గురువారం పొద్దున డ్రైవర్లంతా షెడ్డు దగ్గర టీ తాగుతున్నప్పుడు ఉమాశంకర్ బయటికి వచ్చాడు.

"రమణప్పన్నా, ఒక మాట. గౌతమ్‌కు ఇరవై నాలుగు మిగిలేది, నీకు ఆరు యాల మిగుల్తాంది?"

"అదే నాకూ అంతు సిక్కడంల్యాదప్పా. ఎండ కావచ్చు. ఎదురుగాలి కావచ్చు. టైర్లలో గాలి గూడా..."

"ఎండ, గాలి గౌతమ్‌కు లేవా?" ఉమాశంకర్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "కుప్పంలో నాలుగు గంటలు ఏం చేస్తాండావు? ఏసీ వేసుకోని నిద్రపోతాండావా? ల్యా ఎవరినన్నా బాడుగకు తిప్పుతాండావా?"

"మీటరు సూడప్పా. ఒక్క కిలోమీటరు ఎక్కువుంటే అడుగు."

"అయితే ఏసీనే. డీజిల్ తీస్తేనే దొంగతనమా అన్నా? ఇది గూడా దొంగతనమే."

చంద్రశేఖర్ అనే పాత డ్రైవరు నేల చూపులు చూశాడు. వెంకటరమణప్పకు చెవులు వేడెక్కాయి. ముప్పై ఏళ్లలో అతన్ని కోపిష్ఠి అన్నారు, మొండి అన్నారు, భోజనం దగ్గర ఆలస్యం చేస్తాడన్నారు. ఆ మాట మాత్రం ఎవరూ అనలేదు. ఏదైనా గట్టిగా అందామనుకున్నాడు. అంటే గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు ఉంటుందని ఊరుకున్నాడు. ఊరుకున్నది ఒప్పుకున్నట్టయిందని తర్వాత ఏడ్చినంత పనైంది.

"రేపు నీ వంతు" అన్నాడు ఉమాశంకర్. "మళ్లీ పదికి తక్కువతో వస్తే బండి గౌతమ్‌కే ఇచ్చేస్తా. నువ్వు పాత డీజిల్ బండి తోలుకో."

పాత డీజిల్ బండిని అమ్మడానికి బేరం కుదిరిపోయిందని షెడ్డులో అందరికీ తెలుసు.

*

శుక్రవారం కమలాక్షి చేతుల్లో రెండు వెడల్పాటి ప్లాస్టిక్ ట్రేలతో వచ్చింది. మైనపు కాగితం కింద చిన్న చిన్న పట్టుపురుగులు, తరిగిన మల్బరీ ఆకు మధ్య బియ్యపు నూక కదిలినట్టు కదులుతున్నాయి. రెండో జ్వరం లేచిన, అంటే రెండోసారి పొర విడిచిన పిల్ల పురుగులు, కుప్పం దగ్గర రైతుకు అందించాలి. ఒక ట్రే వెనక సీట్లో ఆమె పక్కన పెట్టుకుంది. రెండోది ముందు సీట్లో పెట్టింది.

"అన్నా, ఇది జారకుండా చూసుకోవల్ల. ఒకదాని మీద ఒకటి పడితే నలిగిపోతాయి."

"నేను పట్టుకుంటాలే మేడం" అన్నాడు. ఎడమచేయి ట్రే అంచు మీద వేశాడు.

పుంగనూరు దాటాక మొదటి ఎక్కుడు తలకు చేరాడు. చేయి కదలబోయింది. ట్రే జారింది. గబుక్కున మళ్లీ పట్టుకున్నాడు. న్యూట్రల్ వేయడానికి చేయి లేదు. సరే పోనీలే అని కుడికాలు మాత్రం పైకెత్తాడు.

బండి జారలేదు. వెనక నుంచి ఎవరో నడుం పట్టుకుని ఆపినట్టు, నిదానంగా, బుద్ధిగా దిగింది. స్పీడ్ బ్రేకరు దగ్గర బ్రేకు కూడా పెద్దగా అవసరం రాలేదు. తెరమీద ఒక పక్కన ఆకుపచ్చ గీత పైకి లేచి నిలబడింది. ఆ గీతను అతను ముందెప్పుడూ పట్టించుకోలేదు, అది అలంకారమనుకున్నాడు.

తర్వాతి దిగుడులోనూ అంతే. వి.కోటకు ముందు పొడుగాటి దిగుడు ఒకటి ఉంది. పైన డెబ్భై ఒకటి చూపించింది. సగం దిగాక చూశాడు, డెబ్భై ఒకటే. కింద కల్వర్టు దగ్గర చూశాడు.

డెబ్భై రెండు.

వెంకటరమణప్ప కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. బండి తోలుతూ అట్లా చేయకూడదు, కానీ చేశాడు. తాగిన నీళ్లు చెంబులోకి తిరిగి వచ్చినట్టుంది ఇది. డీజిల్ ట్యాంకులో ముల్లు పైకి లేవడం అంటే మీటరు చెడిపోయినట్టే. చెడిపోయిందేమో. కుప్పం చేరేసరికి అరవై ఒకటి ఉంది. అక్కడ ఏనాడూ అతను యాభై మూడు దాటి చూసింది లేదు.

పురుగులను, మేడంను రైతు ఇంటి ముందర దించాడు. మామూలుగా అయితే చెట్టునీడ చూసుకుని, అద్దాలు దించి, తువ్వాలు ముఖం మీద వేసుకుని పడుకునేవాడు. ఏసీ వేసుకున్న పాపాన ఒక్కనాడూ పోలేదు. ఈ రోజు నిద్ర రాలేదు. చిన్నప్పుడు రేడియో విప్పి లోపల పాడేవాడు ఎవరో చూద్దామనుకున్నప్పటి ఆత్రం మళ్లీ పుట్టింది.

కుప్పం బయట మూడు కిలోమీటర్ల దిగుడు ఒకటి ఉంది. పైన ఒక మైలురాయి, కింద ఒక స్పీడ్ బ్రేకరు. అక్కడికి పోయాడు. మైలురాయి పక్కన బండి నిలిపి, అంకె చూసి, తన అలవాటు ప్రకారం న్యూట్రల్ వేసి వదిలాడు. కింద బ్రేకు నొక్కి ఆపి అంకె చూశాడు. పైకెక్కాడు. ఈసారి డి లోనే ఉంచి, కాలెత్తి దిగాడు. మళ్లీ చూశాడు. నమ్మకం కుదరక మళ్లీ న్యూట్రల్. మళ్లీ డి.

ఆరుసార్లు దిగి, ఆరుసార్లు ఎక్కాడు. రోడ్డు పక్కన ఆవులు మేపుతున్న పూలమ్మ అనే ఆమె నాలుగోసారికే లేచి నిలబడింది. ఐదోసారికి చేయి అడ్డం పెట్టింది.

"ఏమప్పా, ఏమన్నా పోగొట్టుకుంటివా? దోవంతా ఎతకతాండావు."

"ల్యాదమ్మా. ఈ దిగుడుకు లెక్క సూస్తాండా."

"దిగుడుకు లెక్కేముండాది? ఇడిస్తే దిగతాది."

"ఇడిస్తే పోతాదమ్మా. పట్టుకుంటే మిగుల్తాది" అన్నాడు. న్యూట్రల్ వేసినప్పుడు అంకె ఒక్కసారి కూడా పెరగలేదు. డి లో ఉంచిన ప్రతిసారీ ఒకటి పెరిగింది. దిగేటప్పుడు చక్రాలు తిరిగిన బలమంతా కరెంటై బ్యాటరీలోకి పోతూ ఉంది. తను న్యూట్రల్ వేసి ఆ దోవ మూసేస్తున్నాడు. పైగా కింద బ్రేకు నొక్కి ఆ బలాన్నంతా వేడి చేసి పారేస్తున్నాడు. గౌతమ్‌కు విద్య రాదు గనుక మిగిలింది. తనకు వచ్చు గనుక పోయింది.

అతనికి నవ్వు వచ్చింది. ఏ దొంగా లేడు. ఉన్న దొంగ తన మణికట్టే. సాయంత్రం నేరుగా పోయి ఉమాశంకర్‌కు చెప్పేయాలనుకున్నాడు. చెపితే దొంగన్న మాట మాసిపోతుంది, బండి నిలుస్తుంది.

ఆ సంతోషంలో ఒక సంగతి మరిచిపోయాడు.

షెడ్డుకు వచ్చేసరికి ఏడు మిగిలింది. ఉమాశంకర్ ఏడు చూశాడు. తర్వాత కిలోమీటర్లు చూశాడు. చూసి, మళ్లీ చూశాడు.

"రెండు వందల యాభై ఆరు! ముప్పై ఆరు ఎక్కువ తిరిగింది. యాడికి పోతివి?"

"అదే సెప్పబోతాండానప్పా. కుప్పం కాడ దిగుడులో..."

"నిన్న మీటరు చూడమంటివి గదా? ఇప్పుడు చూస్తిని" ఉమాశంకర్ గొంతులో కోపం కంటే గెలుపు ఎక్కువ వినపడింది. "దిగుడు కతలు నాకొద్దు. రేపు నేనే తోల్తా. నువ్వు పక్కన కూసో. కుప్పం దాకా పోయి వస్తాం. ఎంత మిగుల్తాదో నువ్వే చూద్దువు. ఆ పైన నువ్వేం మాట్లాడినా వింటా."

వెంకటరమణప్ప నోరు తెరిచాడు. వింటానన్నది ఆ పైన గదా అనుకుని మూసుకున్నాడు.

*

శనివారం ఇద్దరే బయలుదేరారు. పొద్దున ఎండ ఇంకా ముదరలేదు. ఉమాశంకర్ కొత్త తెల్ల చొక్కా వేసుకుని, సీటు ముందుకు జరుపుకుని, గెలిచేవాడి మాదిరి కూర్చున్నాడు. పుంగనూరు దాకా టమాటా ధరల గురించి మాట్లాడాడు. ఊరు దాటాక మొదటి ఎక్కుడు తలకు చేరగానే అతని ఎడమచేయి కిందికి పోయింది. రెండు వేళ్లు బిళ్ల మీద పడ్డాయి. మణికట్టు చిన్నగా తిరిగింది.

న్యూట్రల్.

వెంకటరమణప్ప ఆ చేతినే చూస్తూ ఉండిపోయాడు. ఆ తిప్పుడు తనదే. చూపుడువేలు కాస్త ఎడంగా పెట్టడం కూడా తనదే. ఇరవై ఏళ్ల కింద జీపులో పక్కన కూర్చుని, ఆ చేయి మీద తన చేయి వేసి నేర్పిన తిప్పుడు.

చెప్పాలనుకున్నాడు. 'ఇది గూడా దొంగతనమే' అన్న మాట దానికి అడ్డం పడింది. పోనీ, ఎంత దూరం పోతుందో చూద్దామనుకున్నాడు. తేలు కుట్టిన దొంగ మాదిరి, కిటికీ పక్కకు తిరిగి కూర్చున్నాడు.

కుప్పంలో నలభై తొమ్మిది మిగిలింది. ఉమాశంకర్ ఇడ్లీ తింటూ రెండుసార్లు లేచిపోయి తెర చూసి వచ్చాడు. తిరుగుదోవలో వి.కోట దగ్గర ముప్పై ఆరు. ఏసీ ఆగిపోయింది. తెల్ల చొక్కా వీపుకు అంటుకుంది. టమాటాల మాట లేదు.

"ఈ పొద్దు ఎండ ఎక్కువుండాది గదా" అన్నాడు ఉమాశంకర్.

"ఊ."

"ఎదురుగాలి గూడా కొడ్తాండాది."

"ఊ."

"టైర్లలో గాలి చూపించినావా?"

వెంకటరమణప్ప మూతి బిగబట్టి బయటికి చూశాడు. లోపల ఆనందం పొంగింది, అబద్ధమెందుకు. గురువారం తను చెప్పిన సాకులు ఒక్కొక్కటే వరసగా ఎదుటివాడి నోట్లోంచి వస్తుంటే, సుమలత చేసే వేడి ఓళిగ తిన్నంత రుచిగా ఉంది. ప్రతి దిగుడులో ఆ మణికట్టు తిరగడం, ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గర ఆ కాలు బ్రేకు తొక్కడం లెక్కపెట్టుకున్నాడు.

పలమనేరు దాటి పది కిలోమీటర్లు వచ్చాక పంతొమ్మిదికి పడింది. మదనపల్లె ఇంకా నలభై ఐదు. ఉమాశంకర్ ఒక టీ అంగడి ముందర బండి ఆపాడు. అది కూడా ఎక్కుడు తలమీదే, ముందర పొడుగాటి దిగుడు. దిగి ముఖం కడుక్కున్నాడు. రెండు టీలు చెప్పి, ఒకటి తనే తెచ్చి వెంకటరమణప్ప చేతికిచ్చాడు.

"అన్నా, నిన్ను ఊరికే అనుమానించినా. నువ్వు ఏసీ వేసుకోలేదు, ఏమీ లేదు. ఈ బండి తాగేదే ఇంత."

అదీ మాట. రెండు రోజులుగా దేనికోసం కడుపు మండిందో ఆ మాట వచ్చేసింది. దొంగన్న మచ్చ పోయింది, తన విద్యకు తప్పూ రాలేదు. వెంకటరమణప్ప టీ ఊదుకుని తాగబోయాడు.

"అయితే ఇంకోటి" ఉమాశంకర్ ముఖం మళ్లీ గట్టిపడింది. "బండి తాగేది ఇంతే అయితే గౌతమ్‌కు ఇరవై నాలుగు ఎట్లా మిగుల్తాంది?"

వెంకటరమణప్ప గ్లాసు పెదాల దగ్గర ఆగింది.

"కుప్పంలో నాలుగు గంటలు వానికీ ఉండాది గదా. యాడో ఎవరి ప్లగ్గులోనో దొంగ కరెంటు పెట్టుకోని, నా కాడ పేరు కొట్టేస్తాండాడు. రేపు ఎవరన్నా పట్టుకుంటే పోయేది నా పేరు. ఎంత నంగనాచి మాదిరి ఉంటాడు, దొంగ నా కొడుకు. సోమవారం నుంచి రావద్దని ఇప్పుడే చెప్పేస్తా."

ఫోన్ తీశాడు. పేరు వెతికాడు. ఉమాశంకర్ కాలేజీ రోజుల నుంచీ అంతే, కోపమొస్తే ఆ క్షణమే తేల్చేయాలి. అవతల రింగు పోతున్న చప్పుడు వెంకటరమణప్పకు వినపడింది. నాలుగు వారాలుగా ఏమీ వినపడని ఆ చెవికి అది స్పష్టంగా వినపడింది. గౌతమ్ ఎత్తుతాడు. అన్నా అంటాడు. తర్వాత వాడి చెవులు వేడెక్కుతాయి.

"పెట్టెయ్యప్పా ఫోను" అన్నాడు.

"ఎందుకు?"

"పెట్టెయ్. వాడేం సెయ్యలేదు. తప్పు నాది."

ఉమాశంకర్ ఫోన్ ఆపి చూశాడు.

"దిగుడులో న్యూట్రల్ వేస్తాండావు సూడు, అదే ఈ బండికి చేటు. గేరులో ఉండనిచ్చి కాలెత్తితే దిగుతూ దిగుతూ అదే కరెంటు పోసుకుంటాది. మనం న్యూట్రల్ వేసి పోసుకోనియ్యం. కింద బ్రేకు తొక్కి పారబోస్తాం. గౌతమ్‌కు న్యూట్రల్ వేసేది రాదు. నేను వానికి నేర్పిస్తానంటే భయమని పారిపోయినాడు. అందుకే వానికి మిగుల్తాది." ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నాడు. "నేను ముప్పై ఏండ్లుగా అందరికీ నేర్పిందే ఇది. నీకూ నేనే నేర్పితి. నిన్న ముప్పై ఆరు కిలోమీటర్లు తిరిగింది దీన్ని సూసేదానికే."

ఉమాశంకర్ నమ్మలేదు. ముఖం చూస్తే తెలుస్తూ ఉంది. టీలకు చిల్లర ఇచ్చి బండెక్కాడు. వెంకటరమణప్ప పక్కన కూర్చున్నాడు. ముందర దిగుడు. ఉమాశంకర్ చేయి కిందికి పోయింది. వెంకటరమణప్ప తన చేయి తీసి, ఆ చేయి మీద వేసి, బిళ్ల తిరగకుండా అదిమి పట్టాడు.

"ఊరికే కాలెత్తు."

బండి నిదానంగా దిగింది. ఆకుపచ్చ గీత లేచింది. ఇద్దరూ తెర చూస్తున్నారు, రోడ్డు చూడాల్సినవాడు కూడా. పంతొమ్మిది. పంతొమ్మిది. చింతచెట్ల వరస దాటింది. పంతొమ్మిది. కింద బోరింగు దగ్గర, కళ్ల ముందరే, అంకె ఇరవై అయింది.

ఉమాశంకర్ బండిని రోడ్డు పక్కన నిలిపాడు.

"నిన్ననే తెలిసిందంటివి గదా" అన్నాడు.

"ఔ."

"తెలిసి గూడా పొద్దున్నుంచి నోరు మూసుకోని కూసున్నావా? నేను చెమటకు తడిసి చస్తాంటే?"

"కూసుంటి."

"యాల?"

వెంకటరమణప్ప అద్దం దించి, మళ్లీ ఎక్కించాడు.

"దొంగంటివి గదప్పా. ఆ మాట ఎంత దూరం పోతాదో సూద్దామనుకుంటి. నీ కాడికి తిరిగొచ్చి ఆడనే నిలబడతాదనుకుంటి. గౌతమ్ దాకా పోయింది."

ఫోన్ మోగింది. గౌతమ్. ఇందాక తప్పిపోయిన కాల్‌కు తిరిగి చేస్తున్నాడు. ఉమాశంకర్ ఆ పేరు వంక చూస్తూ మూడు రింగులు పోనిచ్చాడు. తర్వాత ఫోన్ ఎత్తి వెంకటరమణప్ప చేతికిచ్చాడు.

"ఏం ల్యాదు నాయనా" అన్నాడు వెంకటరమణప్ప. "సోమవారం నా వంతు గదా. నువ్వూ రా. పక్కన కూసోని, దిగుళ్లు ఎట్లా దిగాల్నో నాకు సెప్పు."